మా వీధి కోతల పండగ, చావడి రిపేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దగ్గర పడిందంటే చాలు ఫోన్లు మొదలు. బండి ఎక్కడ పెట్టాలి, చికెన్ ఉంటుందా, వచ్చిన డబ్బులు ఏటి చేస్తారు, మా పిన్ని హైదరాబాద్ నుంచి వస్తోంది ఆవిడకి ఎక్కడైనా గది చూస్తావా... ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది, అందుకే ఈసారి అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నాను. ఇది చదివాక కూడా ఫోన్ చేస్తారని తెలుసు, చెయ్యండి.

సంక్రాంతి ఉంది కదా, మళ్ళీ ఈ పండగ ఏటి?

సంక్రాంతి ఎవరింట్లో వాళ్ళది, ఇది వీధిది. కనుమ వెళ్ళాక వచ్చే ఆదివారం మా పెద్దవీధికి రెండు చివర్లా వెదుళ్ళు అడ్డంగా కట్టేస్తాం, బళ్ళు బంద్. కొత్త ధాన్యం, కొత్త బెల్లం, చోళ్ళు, కందులు, పసుపు, చిలగడదుంపలు, ఇళ్ళల్లో చేసిన పిండివంటలు అన్నీ అరుగుల మీదే పెట్టి అమ్ముకుంటాం, తినేది తింటాం, సాయంత్రం ధాన్యం వేలం. వచ్చినదాంట్లో వీధి వాటా మొత్తం చావడికి పోతుంది. చావడి అంటే వీధి మధ్యన గూనపెంకుల కప్పుతో, కర్ర స్తంభాలతో, మూడు పక్కలా అరుగుతో ఉన్న పాత కట్టడం. మా తాత చిన్నప్పుడు కూడా అది పాతదే.

మీరు ఆంధ్రానా ఒడిశానా?

ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి గుణుపూర్ వెళ్ళే రైలు దారి పక్కన. 1936 ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, మా చుట్టాల్లో సగం మంది అటు శ్రీకాకుళం జిల్లాలో ఉండిపోయారు. అప్పటికి గంజాం జిల్లా, 1992లో విడగొట్టి గజపతి జిల్లా చేశారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ కలిపి, కొండ మీంచి పసుపు, చింతపండు తెచ్చే సవరవాళ్ళతో వాళ్ళ మాటలు ఓ పది. ఆధార్ కార్డు మీద మా ఇంటిపేరు నలుగురికి నాలుగు రకాలుగా ఉంటుంది, అది వేరే బాధ.

ఎలా రావాలి?

హౌరా చెన్నై మెయిన్ లైన్ మీద నౌపడా జంక్షన్, అక్కడ్నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ లైన్. విశాఖ నుంచి నేరుగా కూడా బండి ఉంది. టైమింగ్స్ మారుతుంటాయి, చూసుకుని బయల్దేరండి. పర్లాకిమిడిలో దిగితే ఆటోలు. పాతపట్నం దాకా ఆంధ్రా బస్సులో వచ్చి అక్కడ్నుంచి ఆటో ఎక్కేవాళ్ళే ఎక్కువ.

ఈ లైను 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు, పట్టాల మధ్య రెండున్నర అడుగులే వెడల్పు, 1931కి గుణుపూర్ దాకా వెళ్ళింది. 2004లో ఆపేసి, 2011లో పెద్ద బండి తెచ్చారు. మా నాన్న అయితే రైలు నడుస్తుంటేనే దిగి చింతకాయలు కోసుకుని మళ్ళీ పరిగెత్తి ఎక్కేవాళ్ళం అంటాడు. నేను సగం నమ్ముతాను.

కోతలు ఎప్పుడో అయిపోతాయి కదా, జనవరి దాకా ఎందుకు?

కోత అయిపోతే పని అయిపోయినట్టు కాదండి. కోసి, పనలు ఎండనిచ్చి, కుప్ప వేసి, కళ్ళంలో నూర్చి, తూర్పారబట్టి ధాన్యం ఇంటికి చేరేసరికి పుష్యం వచ్చేస్తుంది. ఇప్పుడు మిషన్ వచ్చి పొలంలోనే అన్నీ చేసేస్తోంది నిజమే, కానీ అందరి చెక్కల్లోకీ మిషన్ దిగదు. పైగా తుపాన్ల భయంతో ముందే తారీఖు పెట్టుకునే ధైర్యం మాకు లేదు. పైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. వరి పొట్ట మీద ఉండే రోజులు, గింజ పాలు పోసుకునే రోజులు అవి, గాలి ఒక్క రాత్రి కొడితే చేను పడుకుంటుంది, లేవదు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదకి వచ్చింది, కొండలు విరిగి పడి చాలామంది పోయారు. చావడి కప్పు మీద పెంకులు కూడా ఆ రాత్రే లేచిపోయాయి, తెల్లారి చూస్తే వీధంతా ఎర్రటి ముక్కలు. ఈ పండగ ఆలోచన అక్కడ పుట్టింది.

ఆ పాత చావడి కూల్చేసి స్లాబ్ వేసుకుంటే సరిపోయేది కదా?

ఈ ప్రశ్న బయటివాళ్ళకన్నా మా వీధి కుర్రాళ్ళే ఎక్కువ అడుగుతారు, అందుకని కొంచెం పెద్దగా చెప్తాను.

మే నెల మధ్యాహ్నం చావడిలో పడుకుని చూడండి, తర్వాత పక్కనున్న స్లాబు గదిలో పడుకుని చూడండి. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది, స్లాబు పగలంతా కాగి రాత్రంతా మనమీద కక్కుతుంది. ఇది ఒకటి. రెండోది, దూలాలు చేవదేరిన తాటివి, ఇప్పుడు కొందామన్నా అలాంటి మాను దొరకదు. మూడోది గోడ. అది ఇటుక, సున్నం గోడ. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండకి మళ్ళీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే ఇరుక్కుపోతుంది.

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పట్లేదు, చేతులు కాల్చుకుని చెప్తున్నాను. మొదటి ఏడాది పండగ డబ్బులు చేతికి రాగానే తొందరపడి ఒక కాంట్రాక్టరుకి ఇచ్చేశాం. ఆయన చకచకా సిమెంటు పూసేసి, పైన గులాబీ రంగు పెయింటు కొట్టి, పెళ్ళికూతురులా చేసి వెళ్ళిపోయాడు. ఫొటోలు కూడా బాగా వచ్చాయి. ఆ వర్షాకాలం అవ్వకుండానే గోడ ఉబ్బింది, దీపావళికి పలకలు పలకలుగా ఊడి పడింది, వెనక ఇటుకలు వేలితో గీకితే పొడి రాలుతున్నాయి. ఆయనకి ఫోన్ చేస్తే స్విచాఫ్. తప్పు ఆయనదొక్కడిదే అనను, పని ఇచ్చింది మేమే కదా, సున్నం పని ఎవడికి తెలుసని అడిగిన పాపాన పోలేదు.

తర్వాత పక్కూరి ముసలి మేస్త్రిని బతిమాలి తెచ్చుకున్నాం. ఆయన వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు, మాకేమో ఏదైనా మంత్రం చదువుతున్నాడేమో అనిపించింది. "ముందు దీన్ని ఊపిరి తీసుకోనియ్యండ్రా బాబూ" అన్నాడు. మిగిలిన సిమెంటంతా గీకించేసి, వేసవి రెండు నెలలు గోడని అలా ఉత్తినే వదిలేశాడు. సున్నం గుల్ల నీళ్ళలో వేసి రోజుల తరబడి నానబెట్టించాడు, ఇసుక కలిపి గానుగలో రుబ్బించాడు, కరక్కాయలు దంచి బెల్లం నీళ్ళలో ఊరేసి ఆ నీళ్ళు కలిపాడు. పూత పూశాక గోనెపట్టాలు తడిపి కప్పించాడు, పిల్లలకి డ్యూటీ వేశాం, రోజుకి ఇన్నిసార్లు నీళ్ళు చల్లాలని. సున్నం సిమెంటులా ఒక్కరోజులో బిగిసిపోదు, గాల్లోంచి బొగ్గుపులుసు గాలి పీల్చుకుని మెల్లగా రాయి అవుతుంది, తొందరపెడితే పగుళ్ళే. ఆ గోడ ఇప్పటికీ బాగుంది.

ప్రభుత్వం ఇవ్వదా? పురావస్తు శాఖ వాళ్ళకి అప్పగిస్తే?

వాళ్ళు చూసుకునేది రక్షిత కట్టడాలు. 1958 చట్టం కింద ప్రకటించిన వాటి చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడం కట్టకూడదు, ఆపైన రెండు వందల మీటర్లు పర్మిషన్ కావాలి. ఆ మాట వినగానే మా వీధిలో ఇల్లు కట్టుకుందామనుకుంటున్న ముగ్గురి ముఖాలు మాడిపోయాయి. కంగారు పడకండి, మా చావడి ఏ లిస్టులోనూ లేదు, వీధి ఉమ్మడి ఆస్తి, మా బాధ మాదే. అయినా రాజులు కట్టినవాటికే మేస్త్రులు సరిగ్గా దొరకట్లేదు, చావడిని ఎవరు చూస్తారు.

ధాన్యం చందా అంటే ఏంటి? డబ్బులిస్తే తీసుకోరా?

తీసుకుంటాం, క్యూఆర్ కోడ్ చావడి స్తంభానికే అంటించి ఉంటుంది. కానీ పండగ అసలు రుచి కొలతలో ఉంది, దానికోసమైనా పొద్దున్న ఎనిమిదింటికల్లా రండి.

చావడి నేల అలికి, ముగ్గేసి, మధ్యలో కొత్త చాప వేస్తాం. ఇంటికో కుంచం ధాన్యం. కుంచానికి నాలుగు మానికలు, అంత లేనివాళ్ళు మానికే తెస్తారు, గిద్దెడు తెచ్చినా ఎవరూ ఏమీ అనరు. కొలిచేది మా పెద్దమ్మ. కుంచం నింపి, పైన అరచెయ్యి అడ్డంగా పెట్టి ఒక్క గీత గీస్తుంది, ఎక్కువైన గింజలు చాప మీద జారుతాయి, ఆ చప్పుడు వాన మొదలైనట్టు ఉంటుంది. మొదటి కుంచం పోసేటప్పుడు ఒకటి అనదు, "లాభం" అంటుంది, ఆ తర్వాతే రెండు, మూడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క ఆపదు, కళ్ళతోనే తిడుతుంది. ఒకసారి మా బావగారబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి వీడియో తీస్తూ "అత్తా, ఇంకోసారి లాభం అనవా, ఆడియో రాలేదు" అన్నాడు. "లాభం రెండుసార్లు రాదురా నాయనా" అంది. అదే వీడియోకి పేరు పెట్టుకున్నాడు.

వీధిలో ఒడియా ఇళ్ళవాళ్ళు తెచ్చేది కుంచంతో కాదు, మాణతో. వాళ్ళకి మార్గశిర మాసంలో గురువారాలు లక్ష్మీపూజ, మాణబసా అంటారు, మాణ నిండా కొత్త ధాన్యం పోసి దాన్నే లక్ష్మిగా కూర్చోబెడతారు. ఆ పూజలో కూర్చున్న మాణే మా చావడికి వస్తుంది, ముగ్గు పిండి గీతలు దానిమీద ఇంకా ఉంటాయి. మానిక, మాణ. పెద్దమ్మ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది, ఏ ఏడూ మాట్లాడదు, వాళ్ళ మాణ ధాన్యం చాప మీద పోసేముందు మాత్రం కళ్ళకద్దుకుంటుంది.

సాయంత్రం ఆ ధాన్యం బస్తాలకెత్తి వేలం పాడతాం. మొదటి బస్తాలు బజారు రేటుకే పోతాయి, ఆఖరి బస్తా దగ్గర మాత్రం పంతాలు, పోయినేడు ఇద్దరు తోడల్లుళ్ళు పాడుకుంటూ పోయి పెళ్ళాలు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాకా ఆగలేదు. చావడికి మాత్రం మంచిదే.

తినడానికి ఏముంటాయి?

అరిసెలు, పాకుండలు, సున్నుండలు, చోడి అంబలి, చోడి రొట్టి, ఉలవచారు, చిలగడదుంప కాల్చినవి, ఇటువైపు దాల్మా (కూరముక్కలు వేసి వండే పప్పు), మకర చౌళ, ముఢీ (మరమరాలు). మకర చౌళ తిననివాళ్ళకి చెప్తున్నా, అది వండరు, నానబెట్టిన కొత్త బియ్యం దంచి కొబ్బరి, బెల్లం, అరటిపండు, చెరుకు ముక్కలు, పాలు కలిపేది, సంక్రాంతికి ఒడియా ఇళ్ళలో దేవుడికి అదే పెడతారు, మా పండగకి మళ్ళీ చేస్తారు. అరిసెల దగ్గర గొడవ ఏటా ఉంటుంది. ఒడియాలో ఆరిసా పిఠా అంటారు, పేరూ అదే, పాకమూ అదే, అయినా మాది ముందా మీది ముందా అని. నేను రెండు స్టాళ్ళలోనూ తింటాను కాబట్టి నాకు అభిప్రాయం లేదు.

చోళ్ళంటే రాగులేనండి, శ్రీకాకుళం వైపు, మా వైపు అదే మాట, ఒడియాలో మాండియా. చిన్నప్పుడు చోడి అంబలి తాగి బడికెళ్తున్నామని చెప్పుకోడానికి సిగ్గుపడేవాళ్ళం. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్ మిషన్ పెట్టి కొనడం మొదలుపెట్టాక అదే అంబలి గ్లాసు ఇరవై రూపాయలు.

చికెన్ ఉంది. వీధి చివర, చావడికి దూరంగా.

స్టాల్ పెట్టుకోవాలంటే?

మీరు పండించింది, మీ చేత్తో చేసింది అయితేనే. హోల్‌సేల్‌లో తెచ్చిన బొమ్మలు, ఫోన్ కవర్లు వద్దు, జాతరలో పెట్టుకోండి. అద్దె లేదు, అమ్మకంలో మీకు తోచింది చావడి హుండీలో వేయండి. తిండి స్టాల్ అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి, చిన్న వ్యాపారులకి పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు, గ్లాసులు 2022 జులై నుంచి దేశమంతా బంద్, ఇక్కడా బంద్, అడ్డాకులు మేమే ఇస్తాం. సవర ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి నీడ ఉన్న పక్క అరుగు ముందే ఉంచుతాం, తెల్లారకముందే కొండ దిగి నడిచొస్తారు వాళ్ళు. దయచేసి వాళ్ళ దగ్గర బేరం ఆడకండి. షాపింగ్ మాల్‌లో నోరెత్తరు, పసుపు కొమ్ముల దగ్గర అయిదు రూపాయలకి అరగంట.

పాత విత్తనాలు ఇస్తారని విన్నాం?

ఇస్తాం, అమ్మం. ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కువ స్వర్ణ రకం వరే, దిగుబడి బాగుంటుంది, నేనూ అదే వేస్తాను, తిట్టడం లేదు. కానీ పొడుగు గడ్డి వచ్చే నాటు రకాలు పోతే గొడ్డుకి మేత, పాకకి కప్పు రెండూ పోతాయి. పక్కనున్న రాయగడ జిల్లాలో దేబల్ దేబ్ గారు వెయ్యికి పైగా నాటు వరి రకాలు ఏటా మళ్ళీ నాటి కాపాడుతున్నారు. ఏటా ఎందుకంటే విత్తనం డబ్బాలో దాచితే బతకదు, మొలకశక్తి పోతుంది, భూమిలో పడాల్సిందే. మాది అంత పెద్ద పని కాదు. ఒక మానిక తీసుకెళ్ళండి, వేసుకోండి, వచ్చే ఏడాది రెండు మానికలు తెచ్చివ్వండి, అంతే షరతు. తీసుకెళ్ళి వండుకు తినేసినవాళ్ళు ఇద్దరున్నారు, పేర్లు రాయను, వాళ్ళకి తెలుసు.

నోటీసు కొంచెం మంచి తెలుగులో రాయొచ్చు కదా?

ఒక రిటైర్డ్ మాస్టారు అడిగారు ఇది. మాస్టారూ, దండం. గిడుగు రామమూర్తి గారు 1880లో పర్లాకిమిడి బళ్ళో పంతులుగా చేరి, సవరల భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని అందరితో పోట్లాడింది ఈ గడ్డ మీదే. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో కలుస్తోందని ఇష్టంలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు, ఇక్కడే ఉండి ఆయన చెప్పినట్టు రాస్తున్నాం. బోర్డులు మాత్రం తెలుగు, ఒడియా రెండిట్లో ఉంటాయి.

డీజే ఉంటుందా?

లేదు. తప్పెటగుళ్ళు ఉన్నాయి. మైకు రాత్రి పదికి కట్టేస్తాం, రూలూ అదే, పెద్దవాళ్ళ నిద్రా అదే.

లెక్కలు ఎవరు చూస్తారు?

ముగ్గురం, ఏటా ఒకరు మారతారు. పండగైన మూడో రోజున వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, సున్నానికి ఎంత, మేస్త్రికి ఎంత అని పెద్ద కాగితం మీద రాసి చావడిలో అంటిస్తాం. మొదటి ఏడాది కాంట్రాక్టరుకి ఇచ్చిన డబ్బు కూడా ఆ కాగితం మీద అలాగే ఉంది, తీసేయమని కొందరు అన్నారు, తీయలేదు.

బస ఎక్కడ?

పర్లాకిమిడిలో లాడ్జీలున్నాయి. సంక్రాంతి వారం, ముందే మాట్లాడుకోండి. మా ఇళ్ళల్లో చుట్టాలకే చాపలు చాలవు.

వాన పడితే?

చావడిలోకి దూరదాం. కురవదు, ఒక్క ఈశాన్యం మూల తప్ప, అక్కడ బకెట్ ఉంటుంది.

వస్తూ ఏమైనా తేవాలా?

గూనపెంకులు. నిజంగానే అడుగుతున్నాను. ఆ ఈశాన్యం మూలకి పెంకులు చాలక అలా ఉండిపోయింది. కుమ్మరి సారె మీద చేసే నాటు పెంకు ఇప్పుడు కొత్తగా చేసేవాళ్ళు దగ్గరలో లేరు, బెంగళూరు పెంకు వేస్తే సైజు కుదరదు, కింద వరస వెల్లకిలా, పై వరస బోర్లా పరవాలి, ఒక్కటి తేడా వచ్చినా నీళ్ళు లోపలికే. ఉన్నవాటిని కోతులు ఏటా పదో పరకో పగలగొడుతూనే ఉన్నాయి. మీ ఊళ్ళో ఎవరైనా పాత పెంకుటిల్లు పడగొడుతుంటే చెత్తలో పోయనివ్వకండి, పగలనివి ఏరి గడ్డి మధ్యన పెట్టి తెచ్చేయండి, ఎన్నైనా సరే. పాతపట్నం దాకా తెచ్చి ఒక ఫోన్ కొడితే చాలు, అక్కడ్నుంచి మా ఆటో వస్తుంది.